పదకొండు వీల్‌చైర్లూ ఒకే కొలత: ఎవరికి ఎలా సరిచేయాలి?

ప్రశ్న: కోనసీమలో ఒక వృద్ధాశ్రమం చూసుకుంటున్నాను. 26 మంది పెద్దవాళ్లున్నారు. దాతలు ఇచ్చిన వీల్‌చైర్లు 11 ఉన్నాయి. అన్నీ ఒకే రకం, 18 అంగుళాల సీటు. ముగ్గురి విషయంలో ఏం చేయాలో తోచడం లేదు. ఒకావిడకు 78 ఏళ్లు. సన్నగా, పొట్టిగా ఉంటారు, మతిమరుపు ఉంది. కూర్చోబెట్టిన పావుగంటకే జారిపోతారు. పడిపోతారన్న భయంతో ఆయాలు పొట్ట మీదుగా చున్నీ కడుతున్నారు. రెండో ఆయనకు పక్షవాతంతో ఎడమ వైపు పడిపోయింది. ఎప్పుడూ ఎడమకే ఒరిగి ఉంటారు. కుడి చెయ్యి, కుడి కాలుతో తనే కుర్చీ నడుపుకోగలరని ఫిజియోథెరపిస్టు చెప్పారు గానీ ఆయన అడుగు కూడా కదలడం లేదు. మూడో ఆవిడకు 84 ఏళ్లు, గూని బాగా ఉంది. గంట కూర్చుంటే చాలు, ముడ్డిపూస దగ్గర ఎర్రబడుతోంది. గాలి రింగు కొని వేశాం, తగ్గలేదు. ఖరీదైన కుర్చీలు కొనాలా? ఉన్నవాటితోనే ఏమైనా చేయొచ్చా?

సమాధానం: అమ్మా, ముందు ఆ చున్నీ తీయించండి. ఇవాళే. పొట్టకో ఛాతీకో గుడ్డ కట్టినంత మాత్రాన మనిషి జారడం ఆగదు. ఒళ్లు కిందికి జారుతున్నకొద్దీ గుడ్డ పైకి ఎక్కి ఛాతీని, ఆ తర్వాత గొంతును బిగిస్తుంది. కుర్చీకి కట్టేసిన వృద్ధులు ఇలా ఊపిరాడక చనిపోయిన సందర్భాలున్నాయి. కుర్చీ సరిచేసేదాకా ఆవిడను పాదాలు నేలకు ఆనేంత తక్కువ ఎత్తున్న, చేతులున్న మామూలు కుర్చీలో, ఎదురుగా ఒక మనిషి ఉన్నప్పుడే, అరగంటకు మించకుండా కూర్చోబెట్టండి.

ఇక మీ ప్రశ్నకు: ఖరీదైన కుర్చీలు అక్కర్లేదు. మీరు చెప్పిన ముగ్గురిలో ఇద్దరికి ఉన్న కుర్చీలనే ఫోము, ప్లైవుడ్, నవారు పట్టీలతో చాలావరకు సరిచేయొచ్చు. పక్షవాతం వచ్చిన ఆయనకు మాత్రం వేరే కొలత కుర్చీ కావాలి, ఎందుకో కింద చెబుతాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో వెలువరించిన మార్గదర్శకాలు వీల్‌చైర్ సేవను ఎనిమిది మెట్లుగా చెప్పాయి. మనిషిని పరీక్షించి కొలతలు తీసుకోవడం, తగిన కుర్చీ ఎంచడం, అందులో కూర్చోబెట్టి సరిచేయడం, వాడకం నేర్పడం, కొన్నాళ్లకు మళ్లీ చూడడం అందులో ఉన్నాయి. మీ దగ్గరున్న కుర్చీలకు ఇవేవీ జరగలేదు. ఇప్పుడు చేయాల్సింది అదే.

అసలు ఎందుకు జారతారు

పీట మీద కూర్చుంటే కింద గుచ్చుకునే రెండు ఎముకలుంటాయి. ఒంటి బరువు వాటి మీద సమానంగా పడాలి, కటి (తుంటి ఎముకల చట్రం) నిటారుగా నిలబడాలి. కటి వెనక్కి వాలిందంటే నడుము గుండ్రంగా వంగుతుంది, తల ముందుకు వస్తుంది, పిరుదులు సీటు అంచు వైపు జారతాయి. అప్పుడు బరువంతా ముడ్డిపూస మీద పడుతుంది. చర్మం రెక్సిన్‌కు అతుక్కుని ఉండిపోతుంది, లోపల ఎముక మాత్రం ముందుకు పోతుంది. ఆ రెండింటి మధ్య రక్తనాళాలు సాగి నలుగుతాయి. పుండు లోపలి నుంచి మొదలయ్యేది ఇలాగే. అందుకే జారడాన్నీ పుండునూ రెండు సమస్యలుగా చూడొద్దు.

కటి వెనక్కి వాలడానికి కారణాలు చాలావరకు కుర్చీలోనే ఉంటాయి. సీటు లోతు ఎక్కువైతే దాని అంచు పిక్కకు తగులుతుంది. మనిషి వెనక్కి ఆనుకోవాలంటే ముందుకు జరగక తప్పదు. ఫుట్‌రెస్ట్ కిందికి ఉంటే పాదాలు దాని కోసం వెతుక్కుంటూ ఒంటిని లాగుతాయి. మడత కుర్చీల రెక్సిన్ కొన్నాళ్లకే ఊయలలా కుంగి, తొడలను లోపలికి ఒత్తి ఒక పక్కకు ఒరిగేలా చేస్తుంది. ఇంకో కారణాన్ని ఎవరూ పట్టించుకోరు. ఏళ్ల తరబడి కూర్చునే ఉన్నవాళ్లకు తొడ వెనక కండరాలు బిగుసుకుపోతాయి. కాళ్లు వాస్తున్నాయని ఫుట్‌రెస్టులు పైకెత్తి కాళ్లు చాపిస్తే ఆ బిగువు కటినే ముందుకు లాగేస్తుంది. పైగా కుర్చీలో ఎంత ఎత్తినా పాదాలు గుండె కన్నా కిందే ఉంటాయి కాబట్టి వాపు పెద్దగా తగ్గదు. వాపు తగ్గాలంటే మధ్యాహ్నం గంటసేపు మంచం మీద పడుకోబెట్టి కాళ్ల కింద దిళ్లు పెట్టండి. వాపు కొత్తగా వచ్చినా, ఒక్క కాలికే వచ్చినా డాక్టరుకు చూపించాలి.

బట్టల సంగతి కూడా చెప్పాలి. నైలాన్ చీర, రెక్సిన్ సీటు కలిస్తే నూనె రాసిన బల్లలా జారుతుంది. చీర కుచ్చెళ్లు, లుంగీ మడతలు పిరుదుల కింద ఉండలా చేరితే సరిగ్గా అక్కడే చర్మం కందుతుంది. కూర్చోబెట్టగానే చెయ్యి కింద పెట్టి గుడ్డను సాపు చేయడం ఆయాలకు అలవాటు చేయండి. నూలు చీర, నూలు కుషన్ కవరు మేలు.

కొలతలు

ఇనుప టేపు తీసుకోండి. గుడ్డ టేపు ఒంటి వంపుల వెంట పోయి తప్పు చూపిస్తుంది. మనిషిని గట్టి బల్ల మీద, పాదాలు నేలకు ఆనేలా కూర్చోబెట్టండి. నేల దూరమైతే పాదాల కింద పీట వేయండి. పక్కన ఒకరు పట్టుకోవాలి. రోజూ వేసుకునే చెప్పులతోనే కొలవండి.

తుంటి వెడల్పుకు రెండు అట్ట పుస్తకాలను రెండు వైపులా నిలువుగా ఆనించి వాటి మధ్య దూరం చూడాలి. సీటు వెడల్పు అంతే ఉండాలి, మహా అయితే పక్కకు అర అంగుళం చొప్పున ఎక్కువ. తర్వాత పిరుదుల వెనక నుంచి మోకాలి వెనక మడత దాకా తొడ పొడవు. రెండు కాళ్లూ కొలవండి. తుంటి విరిగి అతుక్కున్నవాళ్లకు తేడా ఉంటుంది, తక్కువ కొలతనే లెక్కలోకి తీసుకోవాలి. దాంట్లోంచి ఒకటింపావు నుంచి రెండున్నర అంగుళాల దాకా తీసేస్తే వచ్చేదే సీటు లోతు. అంటే సీటు అంచుకూ పిక్కకూ మధ్య రెండు వేళ్లు సులువుగా దూరాలి. మోకాలి వెనక మడత నుంచి మడమ అడుగు దాకా ఉన్న కొలత, కుషన్ పైభాగం నుంచి ఫుట్‌రెస్టుకు ఉండాల్సిన దూరం. ఫుట్‌రెస్టుకూ నేలకూ మధ్య కనీసం రెండు అంగుళాలుండాలి, లేకపోతే గడపకు తగులుతుంది. మోచెయ్యి మడిచినప్పుడు బల్ల నుంచి మోచేతి దాకా ఉన్న ఎత్తు ఆర్మ్‌రెస్టుకు. వీపు కొలత భుజం రెక్క ఎముక కింది అంచు దాకా చాలు. తనే కుర్చీ తోసుకునేవాళ్లకు ఇంకా తక్కువున్నా పరవాలేదు, నడుము నిలవనివాళ్లకు ఎక్కువ కావాలి.

కుషన్ వేయక ముందు ఫుట్‌రెస్టు, ఆర్మ్‌రెస్టు సరిచేస్తే ఆ పని వృథా. మూడంగుళాల ఫోము మనిషి కూర్చున్నాక సుమారు రెండంగుళాలకు దిగుతుంది. ఆ రెండంగుళాల మేర మనిషి పైకి లేస్తారు, పాదాలు ఫుట్‌రెస్టుకు అందవు, మోచేతులు ఆర్మ్‌రెస్టుకు అందవు. అందుకే ముందు కుషన్, ఆ తర్వాతే మిగతావి.

కొలిచేటప్పుడే ఇంకోటి తేల్చుకోవాలి. వంకర సర్దితే సర్దుకుంటుందా, బిగుసుకుపోయిందా? బల్ల మీద కూర్చున్న మనిషి కటిని రెండు చేతులతో పట్టుకుని మెల్లగా నిటారుగా తెచ్చి చూడండి. వస్తే కుర్చీతో దాన్ని అలాగే నిలబెట్టాలి. రాకపోతే, నొప్పి అంటే, బలవంతం చేయొద్దు. ఆ వంకరకు తగ్గట్టు కుర్చీనే మార్చాలి. బిగుసుకున్న ఒంటిని తిన్నగా చేయబోతే ఒత్తిడంతా ఒక్కచోట పడి పుండు లేస్తుంది. మొత్తం పనిలో ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. తుంటి కీలు మార్పిడి ఇటీవల జరిగినవాళ్ల తుంటిని 90 డిగ్రీలకు మించి వంచకూడదు. వాళ్ల విషయంలో ఆపరేషన్ చేసిన డాక్టరు మాటే ప్రమాణం.

జారిపోయే ఆవిడకు

తుంటి 13 అంగుళాలు, తొడ 16, పిక్క పధ్నాలుగున్నర అనుకుందాం. మీ కుర్చీ వెడల్పు 18. లోతు మీరు రాయలేదు, ఇలాంటివాటికి సాధారణంగా 16 ఉంటుంది. ఆవిడకు కావాల్సిన లోతు 14 చిల్లర. అందుకే వీపు వెనక రెండంగుళాల గట్టి ఫోము పలకను బ్యాక్‌రెస్టు మొత్తం ఎత్తుకూ వెడల్పుకూ సరిపడా కోయించి, వెనక పట్టీలతో కట్టేయండి. తలదిండు పెడితే లాభం లేదు, అది పావుగంటలో నలిగి పక్కకు పోతుంది. తుంటికి రెండు వైపులా రెండంగుళాల ఫోము దిమ్మెలు పెట్టి, వాటిని కుషన్ కవరు లోపలే కుట్టించండి, లేకపోతే ఉతికిన రోజు మాయమవుతాయి.

రెక్సిన్ మీద 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పలక వేసి దాని మీద కుషన్ వేయండి. పలక అంచులు చిత్రిక పట్టించండి. అడుగున రెండు చెక్క బద్దీలు కొట్టిస్తే సీటు పైపుల మధ్య ఇరుక్కుని జారకుండా ఉంటుంది. కుర్చీ మడవాలంటే పలక తీయాలని అందరికీ తెలియాలి. కుషన్ ముందు భాగం వెనక భాగం కన్నా ఒక అంగుళం ఎత్తుండాలి. ఆ గట్టు కూర్చునే ఎముకలకు ముందు అడ్డుగా నిలుస్తుంది, జారడాన్ని ఆపేది అదే. అయితే తనంతట తాను లేచి నిలబడే మనిషికి ఈ గట్టు లేవడాన్ని కష్టం చేస్తుంది. అలాంటివాళ్లకు అర అంగుళం చాలు.

కుషన్‌తో కలిపి సీటు ఎత్తు నేల నుంచి 22 అంగుళాలైతే, పధ్నాలుగున్నర అంగుళాల పిక్కకు ఫుట్‌ప్లేటు నేల నుంచి ఏడున్నర అంగుళాల ఎత్తున ఉండాలి. మీ కుర్చీ ఫుట్‌రెస్టు అంత పైకి రాకపోవచ్చు. పైపులో కొత్త రంధ్రం వేయించండి, లేదా ప్లేటు మీద చెక్క దిమ్మెను బోల్టులతో బిగించి పైన రబ్బరు అతికించండి. పాదాలు మోకాళ్ల కిందకే రావాలి, ముందుకు చాపుకుని ఉండకూడదు. పొట్టివాళ్లు చాలామంది కాళ్లు పైకి లాక్కుని సీటు మీద మఠం వేస్తుంటారు. అది అలవాటు కావచ్చు, పాదాలకు ఆధారం దొరక్క కూడా కావచ్చు. ఫుట్‌రెస్టు సరిచేసి చూస్తే ఏదో తెలుస్తుంది.

ఇంత చేశాక కూడా బెల్టు కావాలంటే, అది తుంటికే పెట్టాలి. సీటూ వీపూ కలిసే మూల నుంచి బయల్దేరి, తొడల మొదళ్ల మీదుగా, సీటుతో సుమారు 60 డిగ్రీల వాలులో రావాలి. పొట్ట మీద కాదు. బెల్టు కింద అరచెయ్యి దూరాలి, అంతకన్నా వదులు ఉండకూడదు. ఆవిడ తన చేత్తో విప్పుకోగలిగేలా ఉండాలి. మతిమరుపు ఉన్నవాళ్లు ఎందుకు జరుగుతున్నారో నోటితో చెప్పలేరు. ఒంటికి వస్తోందేమో, నొప్పేమో, దాహమేమో, కూర్చుని కూర్చుని విసుగేమో. ఏ వేళకు జారుతున్నారో మూడు రోజులు రాసి చూడండి. రోజూ పదకొండింటికే జారుతుంటే పదింటికి బాత్రూముకు తీసుకెళ్లడమే సగం వైద్యం.

జారిన మనిషిని వెనక నుంచి చంకల కింద చేతులు వేసి పైకి లాగొద్దు. భుజం కీలు దెబ్బతింటుంది, చర్మం గీసుకుపోతుంది. ముందుకు వంచి, ఒక పిరుదు తర్వాత ఒకటిగా వెనక్కి నడిపించాలి. కూర్చోబెట్టే ప్రతిసారీ పిరుదులు వీపు పలకకు తగిలేదాకా వెనక్కి చేర్చడం మరవొద్దు.

పక్షవాతం వచ్చిన ఆయనకు

ఆయన కదలకపోవడానికి కారణం సీటు ఎత్తు. ఒక చెయ్యి, ఒక కాలుతో నడుపుకునేవాళ్ల మడమ నేలకు పూర్తిగా ఆనాలి. పిక్క పదహారున్నర అంగుళాలైతే కుషన్ నొక్కుకున్నాక సీటు ఎత్తు కూడా అంతే ఉండాలి. ఆసుపత్రి రకం కుర్చీ సీటు 19, 20 అంగుళాలు ఉంటుంది. నేల అందుకోవాలంటే ఆయన ముందుకు జారాలి. లోకల్ వెల్డింగ్ షాపులో సీటును ఒకటి రెండు అంగుళాలు దించవచ్చు గానీ, ఈ తేడాకు అది చాలదు. వెనక చక్రం యాక్సిల్‌ను పై రంధ్రంలో బిగించే వీలుండి, ముందు చక్రాలు కూడా ఆ మేరకు సర్దుకునే కుర్చీ కొనండి. వెనక వైపు ఒక్కటే దించితే కుర్చీ వెనక్కి వాలిపోతుంది. ఈ ఒక్క కుర్చీకి డబ్బు పెట్టడం న్యాయం, ఎందుకంటే ఆయన మంచినీళ్ల కుండ దగ్గరికి తనే వెళ్లగలుగుతారు.

కొత్త కుర్చీలో కుడి ఫుట్‌రెస్టు తీసేయండి, ఎడమది ఉంచండి. కుడి మడమ సీటు కిందికి వెనక్కి రావాలి కాబట్టి కుడి మోకాలి వెనక మూడు నాలుగు వేళ్ల ఖాళీ వదలండి. కుషన్ ముందు అంచును కుడి తొడ దగ్గర ఏటవాలుగా కోయించండి. ఎడమ బ్రేకు కుడి చేతికి అందదు. ఆ బ్రేకు పిడికి ఆరు అంగుళాల పీవీసీ పైపు ముక్క తొడిగితే అందుతుంది, దానికి ఎర్ర టేపు చుట్టండి. పక్షవాతం తర్వాత కొందరికి ఎడమ వైపు ఉన్నది గమనింపుకే రాదు. ఎడమ బ్రేకు వేయకుండా లేచి పడేది ఇలాంటివాళ్లే.

ఒరగడం గురించి. నడుము ముందు రెండు పక్కలా చేతికి తగిలే ఎముకల మీద మీ బొటనవేళ్లు పెట్టి ఎదురుగా కూర్చుని చూడండి. ఎడమది కిందికి ఉండి, సర్దితే సమానంగా వస్తే, కుషన్ అడుగున ఎడమ పిరుదు కింద అర అంగుళం గట్టి ఫోము వేయండి. సర్దినా రాకపోతే దానికి తలకిందులుగా, పైకి లేచి ఉన్న కుడి పిరుదు కింద ఖాళీని నింపాలి. లేకపోతే బరువంతా ఎడమ ఎముక మీదే పడుతుంది. పడిపోయిన చేతిని పక్కకు వేలాడనివ్వొద్దు, భుజం కీలు జారుతుంది, వేళ్లు చక్రంలో పడతాయి. ఎడమ ఆర్మ్‌రెస్టు మీద నాలుగంగుళాల వెడల్పు పలకను ఫోముతో బిగించి, మోచెయ్యి కాస్త ముందుకు ఉండేలా చెయ్యి దాని మీద పెట్టండి. రోజుకు పది నిమిషాలు వరండాలో ఆయన చేతే కుర్చీ నడిపించండి. చేత్తో తోస్తే కుర్చీ ఎడమకు తిరుగుతుంది, కాలితో దారి సరిచేసుకోవాలి. అది చేతికి కాలికి కుదరడానికి కొన్ని రోజులు పడుతుంది. ఎప్పుడూ తిన్నగా కూర్చునే మనిషి ఒక్క రోజులో ఒక పక్కకు ఒరగడం మొదలుపెడితే మాత్రం కుర్చీ జోలికి పోకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

గూని ఉన్న ఆవిడకు

గాలి రింగు తీసేయండి. రింగు అంచులు చుట్టూ నొక్కి, మధ్యలో ఉన్న చర్మానికి రక్తం అందనివ్వవు. పుండుకు ఖాళీ ఇస్తున్నామనుకుంటాం గానీ, దాన్ని ఎండగడుతున్నాం.

ఆవిడను వెల్లకిలా పడుకోబెట్టండి. తల ఆనడానికి కింద రెండు మూడు దిళ్లు కావాల్సివస్తే గూని బిగుసుకుపోయిందని అర్థం. ఆ వీపును 90 డిగ్రీల బిగుతు రెక్సిన్‌కు ఆనిస్తే గూని మొదట తగులుతుంది, కటిని ముందుకు తోసేస్తుంది. ముడ్డిపూస ఎర్రబడటం అందువల్లే. బ్యాక్‌రెస్ట్ రెక్సిన్ స్క్రూలు ఊడదీసి, దాని బదులు రెండంగుళాల నవారు పట్టీలు నాలుగైదు అడ్డంగా, బకిల్స్‌తో కట్టించండి. బ్యాగులు కుట్టేవాళ్లు ఈ పని శుభ్రంగా చేస్తారు. కింద రెండు పట్టీలు బిగువుగా, గూని దగ్గరవి వదులుగా, దాని పైది మళ్లీ కాస్త బిగువుగా ఉంచండి. గూని లోపలికి దిగుతుంది, కటికి వెనక ఆధారం దొరుకుతుంది. పైన పల్చటి ఫోము కవరు. సరిపోయిందో లేదో తెలుసుకోవడానికి ఎదురుగా నిలబడి ఆవిడ చూపు చూడండి. ఆవిడ మెడ నొప్పి లేకుండా మీ ముఖం చూడగలగాలి. తన ఒళ్లోకే చూస్తుంటే వీపు ఇంకా నెడుతోంది. అన్నం తినేటప్పుడు తల వెనక్కి వాలకూడదు, పొలమారుతుంది.

చర్మం కూడా ఇవాళ నుంచే చూసుకోవాలి. కుర్చీ నుంచి దించాక ఆ మచ్చ అరగంటలో పోకపోతే, మచ్చ పోయేదాకా దాని మీద బరువు పడకూడదు. మన చామనచాయ ఒంటి మీద ఎరుపు తెలియకపోవచ్చు. చుట్టుపక్కల కన్నా నల్లబడిందా, వేడిగా ఉందా, గట్టిపడిందా అని చేత్తో చూడాలి. తోలు లేస్తే, నీరు కారితే ఇంటి వైద్యం వద్దు. పుండు ఎక్కడుందన్నది కుర్చీలో తప్పు ఎక్కడుందో చెబుతుంది. ముడ్డిపూస మీదైతే జారుతున్నారు. కూర్చునే ఎముకల మీదైతే కుషన్ అరిగిపోయింది. మోకాలి వెనకైతే సీటు లోతెక్కువ. తుంటి పక్కనైతే సీటు ఇరుకు, లేదా ఒకే పక్కన పడుకుంటున్నారు.

కుషన్

ఈ పనికి పరుపుల షాపు చాలు. అడుగున రెండంగుళాల రీబాండెడ్ ఫోము (ముక్కలు అతికించి చేసే గట్టి ఫోము), పైన ఒకటి నుంచి ఒకటిన్నర అంగుళాల మెత్తటి, తిరిగి లేచే ఫోము అడగండి. డెన్సిటీ 40 అంటే వాళ్లకు అర్థమవుతుంది. మొత్తం మెత్తటిదే వేస్తే నెలలోనే ఎముక పలకకు తగులుతుంది, మొత్తం గట్టిదే వేస్తే మొదటి రోజే కందుతుంది. అడుగు ఫోములో కూర్చునే ఎముకల కింద అంగుళం లోతు గుంట కోయించాలి. గుంట ఎక్కడ ఆగాలో మనిషి మీదే చూడండి. ఎముకల ముందు కొసను వేలితో పట్టుకుని, వీపు పలక నుంచి ఎంత దూరముందో కొలిచి, ఒక అంగుళం కలపండి. అక్కడి నుంచి ముందంతా గట్టు.

అయ్యాక పరీక్ష చేయాలి. మనిషి కూర్చున్నాక మీ వేళ్లను అరచెయ్యి పైకి ఉండేలా ఒక్కో పిరుదు ఎముక కిందికీ పోనివ్వండి. వేలి కొసలు అర సెంటీమీటరు పైకీ కిందికీ ఆడితే సరిపోయింది. ఆడకుండా, బయటికి మాత్రం సులువుగా వస్తే జాగ్రత్త పడాలి. వేళ్లు నలిగి లాగడమే కష్టమైతే ఆ కుషన్ పనికిరాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ శిక్షణలో నేర్పే పద్ధతి ఇదే. పరికరం అక్కర్లేదు, ఆయాలు పది నిమిషాల్లో నేర్చుకుంటారు.

కవరు సాగే గుడ్డతో, వదులుగా ఉండాలి. బిగుతు రెక్సిన్ తొడిగితే కోసిన గుంట మీద తెర కట్టినట్టే, లోపల ఆకారానికి అర్థం ఉండదు. తడి భయముంటే ఫోముకు పల్చటి ప్లాస్టిక్ వదులుగా చుట్టి పైన నూలు కవరు వేయండి. ముందు వైపు ‘ముందు’ అని, మనిషి పేరు కూడా కవరు మీద కుట్టించండి. మంచి కుషన్లను ఎక్కువగా చెడగొట్టేది ఉతికాక తిరగేసి వేయడమే. కుషన్ ఎంత మంచిదైనా అరగంటకోసారి బరువు మార్చాలి. తనే చేయగలిగినవాళ్లు మోకాళ్ల మీద మోచేతులు పెట్టి ముందుకు వంగి రెండు నిమిషాలుండాలి. చేయలేనివాళ్లను ఆయా అటూ ఇటూ ఒరిగించాలి.

మిగతావాళ్ల విషయం

షుగరుతో కాలు తీసేసిన వాళ్లెవరైనా ఉంటే ఆలస్యం చేయొద్దు. ముందు బరువు తగ్గి కుర్చీ వెనక్కి బోల్తా పడుతుంది. వెనక యాక్సిల్‌ను ఇంకా వెనక్కి జరిపించండి, వెనక చిన్న చక్రాలు పెట్టించండి. మోకాలి కింద తీసినవాళ్లకు ఆ కాలు చాచి ఉంచే పలక కావాలి, లేకపోతే మోకాలు వంగిపోయి రేపు కృత్రిమ కాలు పెట్టడం కుదరదు. పాదాల్లో స్పర్శ లేనివాళ్లను ఎండలో ఉన్న ఇనుప ఫుట్‌ప్లేటు మీద ఒట్టి కాళ్లతో కూర్చోబెడితే బొబ్బలు లేస్తాయి. రబ్బరు షీటు అతికించండి.

పదకొండు కుర్చీల్లోనూ ఎవరు ఎందుకు కూర్చుంటున్నారో కూడా చూడండి. వాకర్‌తో నాలుగడుగులు వేయగలిగినవాళ్లను సౌకర్యం కోసం తోసుకెళ్తుంటే ఆ నాలుగడుగులు కూడా పోతాయి. వాళ్లను భోజనాల గదిలో మామూలు కుర్చీలోకి మార్చండి. రెండు మూడు కుర్చీలు అటూ ఇటూ తిప్పడానికి ఉంచి, మిగతావి ఒక్కొక్కరి పేరున సరిచేయండి. సరిచేసిన కుర్చీలో ఇంకొకరిని కూర్చోబెట్టకూడదు.

బ్రేకులు వేసి తోసి చూడండి. కుర్చీ కదిలితే ముందు టైర్లలో గాలి చూడాలి, గాలి తగ్గితే బ్రేకు చక్రానికి తగలదు. 24 అంగుళాల చక్రాల ట్యూబులు, పుల్లలు సైకిల్ షాపులో సరిపోతాయి. ముందు చిన్న చక్రాల ఇరుసులకు వెంట్రుకలు, చీర దారాలు చుట్టుకుని బిగుస్తాయి, నెలకోసారి కత్తెరతో తీయండి. లేచేముందు ఫుట్‌ప్లేట్లు పైకి మడవాలి. వాటి మీద నిలబడితే కుర్చీ ముందుకు పడుతుంది. ర్యాంపు అంగుళం ఎత్తుకు అడుగు పొడవుండాలి. ఆరంగుళాల మెట్టుకు ఆరడుగులు. దిగేటప్పుడు మనిషి ముఖం పైవైపు ఉండేలా వెనక్కి దించండి.

కొనే ఒక్క కుర్చీకీ, అవసరమైతే ఆ 78 ఏళ్ల ఆవిడకు ఇంకాస్త ఇరుకైన కుర్చీకీ డబ్బు గురించి ఆలోచిస్తుంటే, రాష్ట్రీయ వయోశ్రీ యోజన ఉంది. ఈ కేంద్ర పథకం 2017 ఏప్రిల్ 1న మన నెల్లూరులోనే మొదలైంది. 60 ఏళ్లు దాటి, పేదరిక ధ్రువీకరణ ఉన్నవాళ్లకు, లేదా నెల ఆదాయం 15,000 రూపాయలకు మించనివాళ్లకు వీల్‌చైర్లు ఉచితంగా ఇస్తారు. కాన్పూరులోని అలిమ్కో సంస్థ వీటిని అందిస్తుంది. ముందు పరీక్ష క్యాంపు, కొన్నాళ్లకు పంపిణీ క్యాంపు ఉంటాయి. కొలతలు చెప్పాల్సింది మొదటి క్యాంపులో. తుంటి, తొడ, పిక్క కొలతలు ఒక కాగితం మీద రాసి, మనిషి పేరుతో పాటు అక్కడ ఇవ్వండి. మీకు కుర్చీ ఇస్తామని వచ్చే దాతలకూ అదే కాగితం ఇవ్వండి.

సరిచేసిన కుర్చీలో మొదటి రోజు గంటే కూర్చోబెట్టండి, దించి చర్మం చూడండి, తర్వాత రోజుకు అరగంట చొప్పున పెంచండి. మొదట్లో వారానికోసారి, ఆ తర్వాత మూడు నెలలకోసారి వేళ్ల పరీక్ష మళ్లీ చేయండి. జ్వరం వచ్చి నాలుగు కిలోలు తగ్గినా, ఆసుపత్రి నుంచి తిరిగి వచ్చినా కొలతలు మొదటి నుంచీ తీయాలి. గూని ఉన్న ఆవిడ మచ్చ పది రోజుల్లో పోకపోతే ఫిజికల్ మెడిసిన్ (కదలిక, కూర్చునే ఇబ్బందులు చూసే) విభాగమున్న ఆసుపత్రికి తీసుకెళ్లండి. వెళ్లేటప్పుడు కుర్చీనీ కుషన్‌నూ కూడా తీసుకెళ్లండి, వాటిని చూడకుండా వాళ్లు ఏమీ చెప్పలేరు.